తెర చూడకుండా లినక్స్: ఇన్‌స్టాలర్ మాట్లాడుతోంది, మరి దాని ముందూ వెనకా?

విండోస్‌కు బదులు వాడే లినక్స్ రకాల్లో డెబియన్ ఒకటి. దాన్ని కంప్యూటర్‌లో వేసే ప్రోగ్రాం, అంటే ఇన్‌స్టాలర్, ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే, బూట్ మెనూ రాగానే 'బీప్' అని ఒక చిన్న శబ్దం వస్తుంది. అది విని కీబోర్డు మీద 'ఎస్' నొక్కి ఎంటర్ కొడితే, కాసేపట్లో ఒక గొంతు ప్రశ్నలు చదవడం మొదలుపెడుతుంది. భాష ఏది, దేశం ఏది, కీబోర్డు ఏ రకం, యూజర్ పేరు ఏమిటి, డిస్క్‌ను ఎలా విభజించాలి అని ఒక్కొక్కటే అడుగుతుంది. ఏ కీ నొక్కకుండా ఊరుకున్నా కొంతసేపటికి మాట దానంతటదే మొదలయ్యే ఏర్పాటు కూడా కొత్త విడుదలల్లో ఉంది. పక్కన చూపున్న మనిషి కూర్చోనక్కర్లేదు. ప్రత్యేకమైన డిస్క్ దింపుకోనక్కర్లేదు. అందరూ వాడే ఫైలే ఇది కూడా.

2013 మే 4న డెబియన్ 7 వచ్చినప్పుడు, బ్రెయిలీ పరికరం లేని అంధులు కూడా సాఫ్ట్‌వేర్ గొంతు సాయంతో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చని ఆ విడుదల ప్రకటనలోనే చెప్పారు. అంటే పుష్కర కాలం దాటింది. అయినా చూపు లేనివారు లినక్స్ వేసుకోవడం ఈనాటికీ కష్టంగానే ఉందన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆ మాటలో నిజం ఉంది. కాకపోతే చిక్కు చాలావరకు ఇన్‌స్టాలర్ లోపల లేదు. ఇన్‌స్టాలర్ గొంతు విప్పే లోపు కొన్ని మెట్లున్నాయి, అది పని ముగించి తప్పుకున్నాక మరికొన్ని మెట్లున్నాయి. కంప్యూటర్ మూగబోయేది అక్కడే.

"జీవితంలో ఒకసారో రెండుసార్లో చేసే పని. చూపున్నవాళ్ళ చేత చేయించుకుంటే పోలేదా?" అనేవారున్నారు. రోజూ వాడుకోవడానికి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఉంటే సరిపోతుందని వాళ్ళ లెక్క. డిస్క్ విభజన దగ్గర ఒక్క అడుగు తప్పితే పాత డేటా అంతా పోతుందని, ఆ అడుగు వేసే వేలు డేటా సొంతదారుదే అయి ఉండాలని ఈ లెక్కలోకి రాదు. పైగా సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో అంధులున్నారు, కంప్యూటర్ పాఠాలు చెప్పే అంధ ఉపాధ్యాయులున్నారు. వాళ్ళకిది నెలకు పదిసార్లు వచ్చే పని. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే తెర చదివి పెట్టే మనిషిని ఎక్కణ్ణుంచి తేవాలి? దీనికి తోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. విండోస్ 11కి తగని పాత ల్యాప్‌టాప్‌లు లక్షల ఇళ్ళలో ఉన్నాయి. వాటికి లినక్స్ వేసి మరో నాలుగేళ్ళు నడుపుకోవచ్చని చెప్పే సలహా చూపు లేనివారికీ వర్తించాలంటే, ఆ వేసే పని వాళ్ళ చేతుల మీదుగా జరగాలి.

గొంతు వెనక ఏముంది

డెబియన్ ఇన్‌స్టాలర్ మాట్లాడడానికి మూడు ముక్కలు కలిసి పనిచేస్తాయి. మొదటిది స్పీకప్. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లోపలే ఉండి, తెర మీద అక్షరాలు పడగానే పట్టుకునే స్క్రీన్ రీడర్ ఇది. కర్క్ రైజర్ మొదలుపెట్టారు. ఒకప్పుడు సీరియల్ పోర్టుకు తగిలించే మాట్లాడే పెట్టెల కోసం పుట్టింది. లినక్స్ కెర్నల్‌లో ఇది 2010లో 'స్టేజింగ్' అనే వసారాలోకి చేరి, పదేళ్ళు అక్కడే ఉండి, 2020లో 5.9 వెర్షన్‌తో లోపలి గదిలోకి వచ్చింది. రెండోది ఈస్పీక్. అక్షరాలను ధ్వనిగా మార్చే యంత్రం. 1995లో జొనాథన్ డడింగ్టన్ ఏకార్న్ కంప్యూటర్ల కోసం రాసిన చిన్న ప్రోగ్రాం దీని మూలం. ఇప్పుడు ఈస్పీక్ ఎన్‌జీ పేరుతో సాగుతోంది. ఈ రెంటినీ కలిపే మధ్యవర్తి ఈస్పీకప్.

ఈస్పీక్ గొంతు మరగొంతే, సందేహం లేదు. తొలిసారి విన్నవారు మొహం చిట్లిస్తారు. కానీ దానికి కావలసింది కొద్ది మెగాబైట్ల చోటు మాత్రమే. ఇంటర్నెట్ అక్కర్లేదు, శక్తిమంతమైన ప్రాసెసర్ అక్కర్లేదు, నొక్కిన వెంటనే పలుకుతుంది. ఇన్‌స్టాలర్‌లో కావలసిన గుణాలు ఇవే. అలవాటుపడ్డ అంధ వాడుకరులు దీన్ని చూపున్నవారి చెవికి ఒక్క మాటా అందనంత వేగంతో వింటారు.

మాట కావాలని అడిగితే ఇన్‌స్టాలర్ రంగుల పెట్టెలు వదిలేసి ఉత్త అక్షరాల రూపంలోకి మారుతుంది. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌కు మాట లేకపోవడం లోటే. అయినా చెవికి ఈ అక్షరాల రూపమే సుఖం. ఒక ప్రశ్న, దాని కింద అంకెలు వేసిన జవాబులు, చివర ముందే ఎంచి పెట్టిన జవాబు అంకె. కావలసిన అంకె కొట్టి ఎంటర్ నొక్కడమే. వినపడకపోతే నంబర్ ప్యాడ్ మీద 8 నొక్కితే ఉన్న వరుస, 7 నొక్కితే పై వరుస, 9 నొక్కితే కింది వరుస మళ్ళీ చదువుతుంది. డిస్క్ మీద మార్పులు రాయాలా అన్న ఆఖరి ప్రశ్నకు ముందే ఎంచి ఉండేది 'వద్దు' అన్న జవాబు. పొరపాటున ఎంటర్ తగిలినా కొంప మునగదు. డిస్కుల జాబితాలో ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ కూడా కనిపిస్తుంది కాబట్టి, పేరు కన్నా పరిమాణాన్ని జాగ్రత్తగా వినాలి. 500 జీబీ అన్నది ఏది, 16 జీబీ అన్నది ఏది అని తెలిస్తే తడబాటు ఉండదు.

తెర మీది అక్షరాలను వేళ్ళకు తగిలే చుక్కలుగా చూపే బ్రెయిలీ డిస్‌ప్లే ఉన్నవారికి ఇంకా తేలిక. యూఎస్‌బీకి తగిలిస్తే ఇన్‌స్టాలర్ దానంతటదే గుర్తించి అక్షరాల రూపంలోకి మారుతుంది. అక్కడ పనిచేసేది 1995 నుంచి నడుస్తున్న బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం. దీని గురించి ఒక పక్కమాట. కొన్ని బ్రెయిలీ పరికరాల్లో ఉండే యూఎస్‌బీ చిప్పులే ఎలక్ట్రానిక్స్ ప్రయోగాలకు వాడే చవక ఆర్డువినో బోర్డుల్లోనూ ఉంటాయి. ఉబుంటు అనే ఇంకో లినక్స్ రకం 22.04 వెర్షన్‌లో బీఆర్ఎల్‌టీటీవై ఆ బోర్డులను కూడా బ్రెయిలీ పరికరాలనుకుని పట్టేసుకునేది. దానికి ఇంటర్నెట్ నిండా దొరికే వైద్యం ఒక్కటే: ఆ ప్రోగ్రాంను పీకి పారేయండి. అదేమిటో, ఎవరి కోసం ఉందో ఆ సలహాల్లో చాలావాటిలో ఒక్క మాట కూడా ఉండదు. ల్యాబ్‌లో పదిమంది వాడే కంప్యూటర్‌లో అలా తీసేస్తే, పదకొండో మనిషి బ్రెయిలీ పరికరం తెచ్చిన రోజున అది పలకదు.

వేరు డిస్క్‌లు ఏమయ్యాయి

డెబియన్, ఉబుంటు లాంటి ఒక్కో లినక్స్ రకాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. ఒకప్పుడు అంధుల కోసమంటే ప్రత్యేక డిస్ట్రిబ్యూషనే అనుకునేవారు. జర్మనీలో నాపిక్స్ అనే డిస్ట్రిబ్యూషన్ రూపకర్త క్లాస్ నాపర్, చూపు సమస్య ఉన్న తన భార్య పేరు మీద 'ఏడ్రియన్' అనే మాట్లాడే మెనూ పద్ధతిని తయారుచేశారు. ఇంగ్లండ్‌లో హియర్‌ఫర్డ్ పట్టణపు రాయల్ నేషనల్ కాలేజ్ ఫర్ ది బ్లైండ్‌లో పనిచేసిన టోనీ సేల్స్ వినక్స్‌ను మొదలుపెట్టారు. మొదట డెబియన్ మీద, తర్వాత ఉబుంటు మీద అది నడిచింది. సోనార్ అని ఇంకొకటి వచ్చింది. ఆర్చ్ లినక్స్‌ను మాట్లాడించేందుకు టాకింగ్‌ఆర్చ్ వచ్చింది.

వీటిలో ఎక్కువ భాగం ఇప్పుడు లేవు. కారణం వెతకడానికి పెద్దగా శ్రమపడనక్కర్లేదు. ఒక పూర్తి డిస్ట్రిబ్యూషన్‌ను ఆరు నెలలకోసారి తాజా చేస్తూ, భద్రతా లోపాలు పూడ్చుతూ, కొత్త ల్యాప్‌టాప్‌లలో నడిచేట్టు చూడడం ఇద్దరు ముగ్గురు స్వచ్ఛంద సేవకుల వల్ల అయ్యే పని కాదు. వాళ్ళలో ఒకరికి ఉద్యోగం మారితే, ఒకరి ఆరోగ్యం చెడితే విడుదల ఆగిపోతుంది. దాన్నే నమ్ముకున్నవారు పాత వెర్షన్ మీద చిక్కుకుపోతారు. ఆర్చ్ కథ వేరుగా ముగిసింది. టాకింగ్‌ఆర్చ్ చేసే పని 2021 నాటికి అసలు ఆర్చ్ ఇన్‌స్టాలేషన్ డిస్క్‌లోకే వచ్చేసింది. బూట్ మెనూలో 'మాటతో' అన్న వరుస రెండోది. కింది బాణం ఒకసారి, ఎంటర్ ఒకసారి. వేరు డిస్క్ అవసరమే తీరిపోయింది.

ఈ చరిత్ర చెప్పేది స్పష్టంగానే ఉంది: అందరి డిస్క్‌లో చేరిన గొంతు నిలిచింది, విడి డిస్క్‌లో ఉన్నది తయారుచేసినవారి ఓపికతో పాటు పోయింది. డెబియన్‌లో ఈ పనిని ఏళ్ళ తరబడి మోస్తున్న సామ్యుయల్ తిబో వంటివారి కృషి పెద్ద డిస్ట్రిబ్యూషన్ లోపల భాగంగా ఉండడం వల్లే, ప్రతి విడుదలలోనూ దానంతటదే కొనసాగుతోంది.

దీనికి మినహాయింపు అనదగ్గది మన పక్కనే ఉంది. కేరళలో జెండలోనా బృందం తయారుచేసిన యాక్సెసిబుల్ కోకోనట్ ఉబుంటు మేట్ మీద ఆధారపడింది. పాఠశాలల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగేదాన్ని) విస్తృతంగా వాడే రాష్ట్రం కావడంతో అక్కడ అంధ విద్యార్థులకు కూడా లినక్స్ పరిచయం తప్పనిసరి అయింది. పుస్తకాలు స్కాన్ చేసి చదివించే లియోస్ వంటి పనిముట్లు, భారతీయ భాషల అమరికలు ముందే వేసి ఇవ్వడం ఇలాంటి డిస్ట్రిబ్యూషన్‌కు నిజమైన ప్రయోజనం. అయితే అది కూడా కింద ఉన్న ఉబుంటు ఎంత బాగా మాట్లాడితే అంత బాగానే మాట్లాడుతుంది.

బీప్‌కు ముందు

ఇన్‌స్టాలర్ దాకా రావాలంటే ముందు కంప్యూటర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయించాలి. ఇక్కడ ఏ ఆపరేటింగ్ సిస్టమూ ఇంకా మొదలుకాదు. తెర మీద ఉండేది తయారీదారు వేసిన బయాస్ లేదా యూఈఎఫ్ఐ మెనూ. అందులో స్క్రీన్ రీడర్ ఉండే కంప్యూటర్ బజారులో దాదాపు దొరకదు. ఏ కీ నొక్కాలన్నదే ఒక్కో కంపెనీకి ఒక్కో రకం: ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్, డిలీట్. నొక్కాక మెనూలో ఎన్నో వరుసలో పెన్‌డ్రైవ్ ఉందో చెప్పే దిక్కు లేదు.

దీనికి అంధ వాడుకరులు కనిపెట్టుకున్న దారులు చాలా ఉన్నాయి. ఫోన్ కెమెరాను తెర ముందు పెట్టి అక్షరాలు చదివించుకోవడం ఒకటి. 2015లో డెన్మార్క్‌లో మొదలైన బీ మై ఐస్ అనే యాప్ ద్వారా వీడియో కాల్‌లో ఎవరినైనా చదవమనడం మరొకటి. విండోస్ ఇంకా పనిచేస్తుంటే మెరుగైన దారి ఉంది: షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ ఎంచుకుంటే వచ్చే నీలం తెరలో విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే విండోస్ సొంత స్క్రీన్ రీడర్ నరేటర్ మాట్లాడుతుంది. అక్కడి నుంచి 'యూజ్ ఎ డివైస్' అన్నచోట పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే బయాస్ మెనూ జోలికి పోకుండానే బూట్ అవుతుంది. అన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ వరుస కనిపించకపోవచ్చు. కనిపించినచోట ఇదే అన్నిటికన్నా నమ్మకమైనది.

నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ మొదలుకాకుండా ఆపే సెక్యూర్ బూట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లినక్స్ వేయాలంటే యూఈఎఫ్ఐలోకి వెళ్ళి దాన్ని ఆపివేయాలని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. చూపు లేనివారికి అది దాదాపు అసాధ్యమైన షరతు. 2019లో వచ్చిన డెబియన్ 10 నుంచి ఆ అవసరం లేదు. ఉబుంటు, ఫెడోరాలకు అంతకు ముందు నుంచే లేదు. భద్రత కోసం చేసిన ఈ మార్పు చూపు లేనివారికి ఎంత మేలు చేసిందో ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. కానీ ఎన్విడియా డ్రైవర్ వంటివి బయటి నుంచి వేస్తే, తర్వాతి బూట్‌లో తాళంచెవి నమోదు చేయమంటూ ఒక నీలం తెర వస్తుంది. ఏదైనా కీ నొక్కమని పది సెకన్లు మాత్రమే ఎదురుచూస్తుంది. శబ్దం లేదు. కనిపించనివారికి అది వచ్చినట్టూ తెలియదు, పోయినట్టూ తెలియదు.

ఇక బీప్ సంగతి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డుకు చిన్న స్పీకర్ ఉండేది, బీప్ అందులోంచి వచ్చేది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ ఏర్పాటే లేదు. మెనూ వచ్చినా బీప్ వినపడదు. అందుకే ఏమీ నొక్కకపోయినా మాట మొదలయ్యే పద్ధతి అంత ముఖ్యం. చూపున్నవారు మెనూ చూసి ఏదో ఒకటి నొక్కుతారు, ఏమీ నొక్కనివారికి బహుశా తెర కనిపించడం లేదు. ఈ ఆలోచన చేసినవారిని మెచ్చుకోవాలి.

రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులకు ఈ బెడద లేదు. బయాస్ మెనూయే ఉండదు. మెమరీ కార్డును వేరే కంప్యూటర్‌లో తయారుచేసి పెడితే నేరుగా డెస్క్‌టాప్ వస్తుంది. స్క్రీన్ రీడర్ కావాలంటే కంట్రోల్, ఆల్ట్, స్పేస్ నొక్కమని తనే నోటితో చెబుతుంది. చూపు లేని విద్యార్థికి తొలి లినక్స్ యంత్రంగా ఇది మంచి ఎంపిక.

సిద్ధాంతానికీ గొంతుకూ తగాదా

మాట రావాలంటే సౌండ్ కార్డు పనిచేయాలి. వినడానికి తేలిక విషయమే. ఇంటెల్ కొత్త తరం ల్యాప్‌టాప్‌లలో ధ్వని చిప్పు తనంతట తాను పలకదు, దానిలోకి ఒక ఫర్మ్‌వేర్, అంటే చిప్పును నడిపించే చిన్న ప్రోగ్రాం, ఎక్కించాలి. వై-ఫై చిప్పులదీ ఇదే తంతు. ఇలాంటి ఫర్మ్‌వేర్‌లో చాలాభాగం డెబియన్ నిర్వచనం ప్రకారం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. అందుకని డెబియన్ అధికారిక డిస్క్‌లలో దాన్ని పెట్టేవారు కాదు. కావలసినవారు అనధికారిక డిస్క్ వెతుక్కోవాలి, లేదా ఇన్‌స్టాల్ మధ్యలో ఇంకో పెన్‌డ్రైవ్‌లోంచి ఇవ్వాలి.

చూపున్నవారికి ఇది విసుగు. వై-ఫై రాకపోతే కేబుల్ పెట్టుకుంటారు, తెర మీద వచ్చిన హెచ్చరిక చదివి ఫర్మ్‌వేర్ తెచ్చుకుంటారు. చూపు లేనివారికి అదే హెచ్చరికను చదివి చెప్పాల్సిన గొంతే ఆ ఫర్మ్‌వేర్ లేక ఆగిపోయింది. ఎందుకు మౌనంగా ఉందో కూడా తెలుసుకునే వీలు లేదు. 2022లో డెబియన్ సభ్యులు దీని మీద ఓటింగ్ జరిపి, అధికారిక డిస్క్‌లలో అలాంటి ఫర్మ్‌వేర్‌ను చేర్చవచ్చని నిర్ణయించారు. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమల్లో ఉంది.

అప్పటి చర్చ వై-ఫై, గ్రాఫిక్స్ కార్డుల చుట్టూ ఎక్కువగా తిరిగినా, నైతికంగా బలమైన వాదన సౌండ్ కార్డుదే. వాడుకరి స్వేచ్ఛ కోసం పెట్టుకున్న నియమం ఒక వర్గం వాడుకరులకు తలుపే తెరుచుకోనివ్వకపోతే, ఆ స్వేచ్ఛ ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. నియమాన్ని పూర్తిగా వదిలేయకుండా, ఏ ఫర్మ్‌వేర్ వేశారో చెప్పి, వద్దంటే ఆపుకునే వీలు ఉంచడం సబబైన పరిష్కారంగానే కనిపిస్తుంది. స్వచ్ఛమైన డిస్క్ కావాలనేవారి అభ్యంతరాన్ని కొట్టిపారేయనక్కర్లేదు, కానీ వాళ్ళకు తెర కనిపిస్తుంది.

సౌండ్ కార్డు పనిచేసినా ఇంకో మెలిక ఉంది. ఈ రోజుల్లో కంప్యూటర్‌కు ఒకటికి మించి సౌండ్ కార్డులుంటాయి: మదర్‌బోర్డుది ఒకటి, హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా మానిటర్‌కు వెళ్ళేది ఒకటి. స్పీకర్ లేని మానిటర్‌కు మాట పంపితే లాభమేముంది? డెబియన్ దీనికి చక్కని ఉపాయం పెట్టింది. ఒక్కో కార్డులో వరుసగా పలికి, వినపడినప్పుడు ఎంటర్ నొక్కమంటుంది. వినపడిన కార్డే మిగతా పనంతటికీ ఖాయం.

డెస్క్‌టాప్ దారి

ఉబుంటు, ఫెడోరాల పద్ధతి వేరు. వీటిలో పెన్‌డ్రైవ్ నుంచి ముందు పూర్తి డెస్క్‌టాప్ వస్తుంది. ఆల్ట్, విండోస్ కీ, ఎస్ కలిపి నొక్కితే ఓర్కా అనే స్క్రీన్ రీడర్ మొదలవుతుంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టి, ఇప్పుడు ఇగాలియా సంస్థకు చెందిన జోన్‌మేరీ డిగ్స్ చేతుల్లో పెరుగుతున్న ప్రోగ్రాం ఇది. ఇన్‌స్టాలర్ అక్కడ మామూలు అప్లికేషన్ లాగా నడుస్తుంది. అంటే బటన్‌కు పేరు ఉందో లేదో, ట్యాబ్ నొక్కితే తర్వాతి గడికి వెళుతుందో లేదో అన్నదాని మీద అంతా ఆధారపడుతుంది.

చిక్కంతా ఇన్‌స్టాలర్‌ను తిరగరాసినప్పుడు వస్తుంది. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ యుబిక్విటీని ఏళ్ళ తరబడి సరిదిద్దుతూ వచ్చి అంధులకు ఒక దారికి తెచ్చారు. 23.04లో దాని స్థానంలో ఫ్లటర్ అనే పనిముట్టుతో రాసిన కొత్తది వచ్చింది. కంటికి ఎంతో బాగుంది. చెవి దగ్గర మాత్రం పనిని మళ్ళీ మొదటి నుంచి చేసుకురావాల్సి వచ్చింది. 24.04 ఇన్‌స్టాలర్‌లో భాష ఎంచుకున్నాక రెండో పేజీగా యాక్సెసిబిలిటీ అమరికలు పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ స్క్రీన్ రీడర్ ఆన్ చేసే మీట ఉన్న పేజీకి చేరాలంటే మొదటి పేజీ దాటాలి, మొదటి పేజీ దాటాలంటే స్క్రీన్ రీడర్ కావాలి. షార్ట్‌కట్ ముందే తెలిసినవారికి ఆ పేజీ అక్కర్లేదు, తెలియనివారికి అది అందదు. కొద్దిగా చూపున్నవారికి, అక్షరాలు పెద్దవి చేసుకోవాలనుకునేవారికి మాత్రం అది నిజంగా పనికొస్తుంది.

మంజారో వంటి అనేక డిస్ట్రిబ్యూషన్లు వాడే కలామరేస్ ఇన్‌స్టాలర్‌తో ఇంకో రకం ఇబ్బంది. ఇన్‌స్టాలర్ రూట్ అధికారంతో, అంటే సిస్టం మీద పూర్తి హక్కుతో, నడుస్తుంది, ఓర్కా మామూలు వాడుకరి సెషన్‌లో ఉంటుంది. ఒకరి మాట ఒకరికి చేర్చే దారి సరిగా వేయకపోతే ఓర్కా చుట్టూ ఉన్న డెస్క్‌టాప్‌ను చదువుతుంది కానీ ఇన్‌స్టాలర్ కిటికీ దగ్గరికి రాగానే నోరు మూసుకుంటుంది. లినక్స్ కొత్తగా వేసుకునే అంధులకు అందుకే డెబియన్ మాట్లాడే పద్ధతిని మొదటగా సూచించడం మేలు. స్లాక్‌వేర్ ఆధారంగా వచ్చే స్లింట్ కూడా అంధుల అవసరాలను ముందు పెట్టుకుని తయారైనదే. అది చిన్న బృందపు పని కాబట్టి, పై చరిత్ర గుర్తుంచుకుని ఎంచుకోవాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక

ఇన్‌స్టాలర్ తన పని ముగించి రీస్టార్ట్ అన్నాక కూడా గొంతు కొనసాగాలి. డెబియన్‌లో మాటతోనో బ్రెయిలీతోనో ఇన్‌స్టాల్ చేస్తే, వేసిన సిస్టంలోనూ అది ఆన్ అయి ఉంటుంది. మధ్యలో మాత్రం రెండు చోట్ల నిశ్శబ్దం తప్పదు.

ఒకటి గ్రబ్ మెనూ, అంటే కంప్యూటర్ ఆన్ అవగానే ఏ ఆపరేటింగ్ సిస్టం కావాలో ఎంచుకునే చోటు. విండోస్, లినక్స్ రెండూ ఉన్నవారు బాణం ఎన్నిసార్లు నొక్కాలో లెక్క గుర్తుపెట్టుకుంటారు. మెనూలో కొత్త వరుస చేరితే లెక్క తప్పుతుంది. గ్రబ్ అమరికల ఫైల్‌లో మెనూ రాగానే చిన్న రాగం పలికించే వరుస ఒకటి చాలా ఏళ్ళుగా ఉంది, కామెంట్ గుర్తు వెనక నిద్రపోతూ. ఆ గుర్తు తీసి గ్రబ్‌ను తాజా చేస్తే మెనూ వచ్చిన సంగతైనా తెలుస్తుంది, మదర్‌బోర్డు స్పీకర్ ఉంటే.

రెండోది డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ లేనిదే డిస్క్‌లో ఉన్నది ఎవరూ చదవలేకుండా చేసే తాళం. ఇన్‌స్టాలర్ ఎన్‌క్రిప్ట్ చేయమంటారా అని చక్కగా నోటితో అడుగుతుంది. సరేనంటే, ప్రతి బూట్‌లోనూ పాస్‌వర్డ్ అడిగే తెర మూగగా వస్తుంది, ఎందుకంటే అప్పటికి డిస్క్ తెరుచుకోలేదు, గొంతు ఆ డిస్క్ లోపల ఉంది. బ్రెయిలీ పరికరం ఉన్నవారికి ఆ తొలి దశలోనూ బీఆర్ఎల్‌టీటీవైని నడిపే ఏర్పాటు ఉంది. చెవి మీద ఆధారపడేవారు ఆన్ చేశాక కాసేపు ఆగి, అంచనాగా పాస్‌వర్డ్ కొట్టాల్సిందే. తప్పు కొట్టారా, ఇంకా అడగలేదా అన్నది తెలియదు. కొత్త యంత్రాల్లో తాళంచెవులు దాచే టీపీఎం చిప్పుతో డిస్క్ దానంతటదే తెరుచుకునేలా పెట్టుకోవచ్చు. అప్పుడు తాళం యంత్రం చేతిలో ఉంటుంది, మనిషి గుర్తుపెట్టుకునే పాస్‌వర్డ్ ఇచ్చే రక్షణ కొంత తగ్గుతుంది. అలాంటి రాజీ చూపున్నవారికి ఐచ్ఛికం.

ఇంకో చిన్న గొడవ డెస్క్‌టాప్ వచ్చాక ఎదురవుతుంది. కన్సోల్‌లో, అంటే ఉత్త అక్షరాల తెరలో, మాట్లాడే ఈస్పీకప్ సిస్టం సేవగా నడుస్తుంది, డెస్క్‌టాప్ ధ్వని వాడుకరి సెషన్‌లో నడుస్తుంది. రెండూ ఒకే సౌండ్ కార్డు కోసం పోటీపడి, ఒకటి పట్టుకుంటే రెండోది మూగబోవడం పాత జబ్బు. ఓర్కా పలకడం లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

తెలుగు ఎక్కడ

డెబియన్ ఇన్‌స్టాలర్‌కు తెలుగు అనువాదం ఉంది. స్వచ్ఛంద సేవకులు ఏళ్ళుగా చేసిన పని అది. అయితే తెలుగు లాంటి లిపులను గీయడం ఉత్త అక్షరాల కన్సోల్‌కు చేతకాదు కాబట్టి ఆ భాషలు గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లోనే కనిపిస్తాయి. మాట్లాడేది అక్షరాల ఇన్‌స్టాలర్ మాత్రమే. ఫలితం: తెలుగు చూడగలిగినవారికే ఉంది, వినాల్సినవారికి లేదు. ఈస్పీక్‌కు తెలుగు పలకడం వచ్చు. అనువాదం సిద్ధంగా ఉంది. వినేవారికి తెర మీద గుణింతాలు కుదురుగా పడకపోయినా నష్టం లేదు, అయినా తెర గీయలేదన్న కారణంతో గొంతుకు కూడా ఆ భాష దక్కడం లేదు. ఇంగ్లీషు అంతగా రాని అంధ విద్యార్థి ఇన్‌స్టాల్ దశలో ఆ ఇంగ్లీషు ప్రశ్నలను వరసగా కంఠతా పట్టాలి.

డెస్క్‌టాప్‌కు చేరాక పరిస్థితి మెరుగు. ఓర్కా అమరికల్లో గొంతును ఈస్పీక్ తెలుగుకు మార్చుకోవచ్చు. ఇంగ్లీషు గొంతునే ఉంచుకుంటే తెలుగు వాక్యం వచ్చినప్పుడు మాటలు రావు. తెలుగు గొంతు పెట్టుకుంటే మధ్యలో వచ్చే ఇంగ్లీషు పదాలను ఈస్పీక్ ఇంగ్లీషులాగే పలుకుతుంది. అందుకని రెండు భాషలూ కలిపి చదివేవారికి తెలుగును ముఖ్య గొంతుగా ఉంచుకోవడమే అనువు. అక్షరాలను బ్రెయిలీగా మార్చే లిబ్‌లూయీ ప్రోగ్రాంలో, భారతీయ భాషలకు వాడే భారతి బ్రెయిలీ ప్రకారం తెలుగు పట్టిక ఉంది. ఈస్పీక్ ఎన్‌జీ తెలుగు ఉచ్చారణలో సవరించాల్సినవి చాలా ఉన్నాయి. ఆ నియమాలు మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో రాసి ఉంటాయి. ఏ అక్షరం ఎలా పలకాలన్నది ప్రోగ్రామింగ్ రాకపోయినా, భాష తెలిసి చెవి ఉన్న ఎవరైనా దిద్ది పంపవచ్చు.